మూత్రపిండమునకు దెబ్బ తగిలినప్పుడు

బస్తరు ప్రాంతపు దక్షిణపు కొసను, శబరీ నదీతీరమున, కొంటా కలదు. తాడిచెట్లును జీలుగుచెట్లును ఎక్కి కల్లు దించువారును, జగదల్పూరు–భద్రాచలము రహదారిపై మోటారుసైకిళ్లు నడుపువారును ఇచ్చట అనేకులు. చెట్టుపైనుండి పడినను, వాహనము బోల్తాపడినను, జనులు మొదట చూచునది కాలుసేతులనే. లోపల మూత్రపిండము చిట్లినదేమోయని విచారించువారు అరుదు.

మూత్రపిండములు వెన్నెముకకు ఇరుప్రక్కల, క్రింది పక్కటెముకల చాటున నుండును. గుండె పంపు రక్తములో సుమారు అయిదవ వంతు వీనికే చేరును. కావున ఇవి చిట్లినచో, పైకి గాయము లేకున్నను లోపల మిక్కిలి రక్తము పోవచ్చును. పిల్లలకు ఈ అపాయము మరింత ఎక్కువ.

మూత్రము ఎర్రబారుట, డొక్కలో నొప్పి, వాపు, చర్మము కమలుట దీని గుర్తులు. చల్లని చెమట, కళ్లు తిరుగుట, నాడి వేగముగా కొట్టుకొనుట ప్రాణాపాయ సూచనలు. మూత్రము తేటగా నున్నదని నిశ్చింతగా నుండరాదు. మూత్రపిండపు రక్తనాళమే తెగినచో మూత్రములో రక్తము కనబడకపోవచ్చును.

అట్టివానిని కదలనీయక వెల్లకిల పరుండబెట్టి, వెంటనే 108కి ఫోను చేయవలెను. నడుము వంగకుండ, నలుగురు కలిసి ఎత్తవలెను. తైలము రాచి మర్దన చేయరాదు. ఆస్పిరిన్ మొదలగు నొప్పిమాత్రలు గాని, అన్నపానీయములు గాని ఈయరాదు. పెద్ద ఆసుపత్రి దూరమైనకొలది బయలుదేరుటలో జాగు పనికిరాదు.

వైద్యుడు నాడిని, రక్తపు పోటును చూచి, మూత్రమును, రక్తమును పరీక్షింపించును. అల్ట్రాసౌండు వలన కొంత తెలియును. రక్తనాళములోనికి మందు ఎక్కించి తీయు సి.టి. స్కాను వలన గాయపు లోతు స్పష్టమగును. ఈ గాయములను అయిదు తరగతులుగా విభజించిరి.

శస్త్రచికిత్స యనిన భయపడి ఆసుపత్రికి పోనివారు కలరు. ఈ భయము తగదు. పెక్కు గాయములు మంచముపై విశ్రాంతి, వైద్యుల పర్యవేక్షణలతోనే మానును. రక్తము ఆగనిచో సన్నని గొట్టమును నాళములోనికి పంపి, కారుచోటును మూయుదురు. ప్రాణము నిలుపుటకు తప్పనప్పుడే శస్త్రచికిత్స చేయుదురు. ఒక మూత్రపిండమును తొలగింపవలసి వచ్చినను, ఆరోగ్యముగా నున్న రెండవది శరీరమునకు చాలును.

ఇల్లు చేరిన పిమ్మట వైద్యుడు అనుమతించువరకు చెట్లెక్కుట, బరువులెత్తుట మానవలెను. మూత్రము తేటపడినది గదాయని పనికి పోయినచో గాయము మరల రేగవచ్చును. మూత్రము తిరిగి ఎర్రబారినను, జ్వరము వచ్చినను తక్షణమే ఆసుపత్రికి పోవలెను. అటుపిమ్మటను అప్పుడప్పుడు రక్తపు పోటును చూపించుకొనుచుండవలెను. కొన్ని వారముల కూలి పోయినను, కుటుంబమును పోషించువాని ప్రాణము దక్కును.