గోడ తోటలో అసలు పని వేళ్లది

గది గోడకు పచ్చని మొక్కలు అల్లిస్తే ఇంట్లో గాలి శుభ్రపడుతుందని చాలామంది నమ్ముతారు. ఈ నమ్మకానికి బలమిచ్చింది 1989లో వెలువడిన నాసా నివేదిక. గాలి చొరబడని పెట్టెల్లో మొక్కలుంచి బెంజీన్ వంటి విషవాయువులు వదిలితే, అవి క్రమంగా తగ్గాయని నాసా శాస్త్రవేత్త బిల్ వుల్వర్టన్ బృందం గుర్తించింది. ఆకుల కన్నా వేళ్లు, వాటి చుట్టూ ఉన్న మట్టే ఎక్కువ పని చేస్తున్నాయని కూడా ఆ నివేదిక చెప్పింది. వేళ్లను అంటిపెట్టుకున్న సూక్ష్మజీవులు ఆ రసాయనాలను విడగొట్టి ఆహారంగా వాడుకుంటాయి.

అయితే మనుషులుండే గది మూసిన పెట్టె కాదు. తలుపులు, కిటికీలు, సందుల గుండా గాలి మారుతూనే ఉంటుంది. ఈ మార్పిడికి సాటిగా గాలిని శుద్ధి చేయాలంటే చదరపు మీటరు నేలకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో లెక్కగట్టారు.

గోడ తోట నిజంగా గాలిని శుద్ధి చేయాలంటే, ఆ గాలి వేళ్ల దాకా చేరాలి. కెనడాలోని టొరంటోలో గ్వెల్ఫ్-హంబర్ విశ్వవిద్యాలయంలో నాలుగంతస్తుల ఎత్తున పెంచిన గోడ తోటలో జరిగేది ఇదే. ఫ్యాన్లు గదుల గాలిని వేళ్ల మధ్య నుంచి లాగి, తిరిగి భవనంలోకి పంపుతాయి.

ఇంట్లో చిన్న గోడ తోట పెంచుకునేవారూ ముందు వేళ్లనే చూసుకోవాలి. వాటికి నీటితో పాటు ఆక్సిజన్ కూడా అవసరం. జిగట మట్టి బదులు కొబ్బరి పొట్టులో పెర్లైట్, కాస్త బొగ్గు ముక్కలు కలిపితే గాలి ఆడుతుంది. పైన పోసిన నీరు కిందికి దిగుతుంది కాబట్టి కింది వరుసలెప్పుడూ తడిగా ఉంటాయి. ఫెర్న్, పీస్ లిల్లీ అక్కడ, మనీ ప్లాంట్ పైన ఉంటే మేలు. గోడకూ మొక్కలుండే చట్రానికీ మధ్య ఖాళీ వదిలితే చెమ్మ పట్టదు. వెలుతురు చాలకపోతే తీగలు సాగిపోయి ఆకులు పలచబడతాయి. అలాంటి చోట మొక్కల కోసం ఎల్‌ఈడీ దీపం పెట్టాలి. అడుగు ట్రేలో నీరు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. కనీసం వారానికోసారి ట్రేని ఖాళీ చేసి, రుద్ది కడగాలి.

మొక్కల పచ్చదనం మనసుకు హాయినిస్తుంది, ఆ ఒక్క కారణానికైనా గోడ తోట పెంచుకోవచ్చు. వంటింటి పొగకు, కొత్త రంగుల వాసనకు మాత్రం దాని మీద ఆధారపడొద్దు. కిటికీలు తెరవాలి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాలి.