బస ఎక్కడ?

ఉమ్రాకు బయలుదేరే కుటుంబాలవారు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు: "మౌలానా సాబ్! మక్కాలో పేరున్న హోటల్‌లో దిగమంటారా, మామూలు బసలోనా?"

మస్జిదుల్ హరామ్ ఎదుటనే 601 మీటర్ల ఎత్తున గడియార గోపురం నిలిచి ఉంది. ఆ భవన సముదాయంలో ఫెయిర్‌మాంట్, స్విస్సోటెల్ వంటి పేరుమోసిన హోటళ్ళున్నాయి. లిఫ్టు దిగి నాలుగడుగులు వేస్తే హరమ్ ప్రాంగణమే. అద్దె మాత్రం అధికం. మిస్ఫలా వీధులలోని చిన్న బసలు చౌక. అక్కడ ఉర్దూ వినిపిస్తుంది. పప్పు, రొట్టె దొరుకుతాయి.

మా తల్లిగారిని తీసుకువెళ్ళినప్పుడు మేము అద్దె ఒక్కటే చూచి బస కుదుర్చుకున్నాము. "పది నిమిషాల నడక" అన్నారు. అది మోకాళ్ళ నొప్పులు లేనివారి నడక. మూడవ రోజు నుండి ఆమె రోజుకు ఒక్కసారే హరమ్‌కు రాగలిగారు. కాబాను కనులారా చూస్తూ కూర్చోవాలని జీవితమంతా దుఆ చేసిన మనిషి! "ఫర్వాలేదు బేటా" అన్నారు. మేము మిగిల్చిన సొమ్ము ఎంతో నేడు గుర్తులేదు. ఆ మాట మాత్రం మరువలేము. అయితే ఆ బసలోనే, పక్క గదిలోని బంగ్లాదేశ్ సోదరి ప్రతి రాత్రీ ఆమె కాళ్ళకు నూనె రాసేది. ఒకరి భాష ఒకరికి తెలియదు.

కనుక హోటల్ పేరును బట్టి కాదు, వెంట వచ్చేవారిని బట్టి బస నిర్ణయించుకోవాలి. వృద్ధులుంటే రోజులు తగ్గించుకొని అయినా దగ్గరలో దిగండి. నడవగలవారికి చిన్న బస చాలు. అప్పుచేసి గొప్ప హోటల్‌లో దిగడం దుబారాయే. బయానా ఇచ్చేముందు దారి చదునుగా ఉందా, లిఫ్టు ఉందా, నమాజు వేళలకు బస్సు నడుస్తుందా అని అడగండి.

అల్లాహ్ మీ ప్రయాణాన్ని స్వీకరించుగాక!