కొల్లేటి పక్షులు – కెమెరా మర్యాద

పామర్రునుండి గుడివాడ మీదుగా కైకలూరు చేరినచో, అచ్చటికి చేరువనే ఆటపాక పక్షుల చెరువు కలదు. కొల్లేటి ప్రాంతపు పక్షుల తావులలో ఇది పేరొందినది. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమనున్న కొల్లేటిలో బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలియుచున్నవి; ఉప్పుటేరు మిగులు నీటిని సముద్రమునకు కొనిపోవుచున్నది. లోతు తక్కువైన ఈ నీటిలో చేపలు, నత్తలు, నీటిమొక్కలు సమృద్ధిగా నుండుటచే పక్షులకు ఇది అన్నసత్రము.

శీతకాలమున ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచును. అటవీశాఖ వారు నీటి నడుమ ఇనుప మంచెలు నిలిపిరి. పక్షులు వానిపైనను కాపురములు పెట్టినవి. గూడబాతు ముక్కు క్రింద వ్రేలాడు తోలుసంచిని, ఎర్రకాళ్ల కొంగ రెక్కలనున్న గులాబివన్నెను చూచినవారికి ఛాయాచిత్రము తీయవలెనను కోరిక కలుగుట సహజము. ఆ పని యెట్లు చేయవలెనో మనవి చేసెదము.

ప్రొద్దు పొడిచిన పిదప రెండు గంటలు, ప్రొద్దు గ్రుంకుటకు ముందు రెండు గంటలు అనువైన కాలము. మధ్యాహ్నపుటెండలో తెల్లని ఈక వెలవెలబోవును. సూర్యుడు మన వీపువైపు ఉండవలెను. ఇందు మరియొక కిటుకు కలదు. పెద్ద పక్షులు గాలికి ఎదురుగా లేచును, ఎదురుగానే వ్రాలును. కనుక ఎండయు గాలియు మన వెనుకనుండి వచ్చు తావున నిలిచినచో, వ్రాలెడి పక్షి మనవైపు మొగము పెట్టియే వచ్చును. దాని రెక్కలు మసకబారకుండుటకు షట్టరు సెకండులో 1000వ వంతు కాలమునకు మించి తెరచియుండరాదు. నల్లని నీటిమీద తెల్లని పక్షిని తీయునపుడు కెమెరా తనంతట లెక్కించిన వెలుగు ఎక్కువగును. కొంత తగ్గించినగాని ఈకల తీరు చిత్రమున నిలువదు.

ఇంతవరకు చెప్పినది చేతిపని. అసలు పరీక్ష గూటికడ నున్నది. గూడబాతు పిల్ల గ్రుడ్డునుండి వెలువడునప్పుడు ఒంటిమీద ఈకలుండవు. తల్లిదండ్రులు వంతులవారీగా నీడపట్టినగాని అది ఎండకు తాళలేదు. మనము పడవను మరి నాలుగు బారలు ముందుకు నడిపించితిమా, పెద్ద పక్షి బెదరి లేచిపోవును. ఆ క్షణము కొరకే కాకియు గ్రద్దయు కాచుకొనియుండును. కూర్చున్న పక్షి మెడ సాచి మనవైపు చూచుచు లేచి నిలిచినచో, మనము మితిమీరి చేరువైతిమని అర్థము. అపుడు పడవను వెనుకకు మరలింపవలెను. దూరపు లెన్సు ఉన్నది ఇందులకే.

1946లో కె. కె. నీలకంఠన్‌గారు కొల్లేటి ప్రాంతమున గూడబాతుల పెద్ద స్థావరమును కనుగొనిరి. అప్పుడచట సుమారు 3000 పక్షులు గూళ్లు కట్టుకొనియుండెను. 1975 ప్రాంతమున అది శూన్యమైనది. అందులకు కెమెరా కారణమని మేమనము. కాని తరతరములుగా నున్న తావునైనను పక్షులు విడిచిపోగలవని అది మనకు తెలుపుచున్నది.

కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2002లో రామ్‌సార్ ఒడంబడిక జాబితా కెక్కినది. అభయారణ్యమున ఛాయాచిత్రములు తీయుటకు అటవీశాఖ వారి అనుమతి పొందవలెను. 1972 నాటి వన్యప్రాణి రక్షణ శాసనము పక్షుల గ్రుడ్లను, గూళ్లను కలతపెట్టుటను గూడ వేట క్రిందనే లెక్కించినది. చేత తుపాకి లేకున్నను మనిషి వేటగాడు కావచ్చునన్నమాట.

మనము తిరిగివచ్చునప్పటికి పక్షి గూటిలోనే కూర్చుండియున్నచో, ఆనాడు ఒక్క చిత్రమును కుదురకున్నను పని చక్కగా జరిగినట్లే.