కడుపులో ఏది ఎక్కడ? కట్టేది ఏది, తీసేది ఏది?



మన మాటలో "కడుపు" ఒక్కటే. అన్నం తింటే కడుపు నిండిందంటాం, నెల తప్పితే కడుపుతో ఉందంటాం. లోపల మాత్రం ఇవి వేర్వేరు సంచులు. తిన్న అన్నం చేరేది పొట్ట పైభాగంలోని జీర్ణకోశానికి. బిడ్డ పెరిగేది పొత్తికడుపులో, మూత్రసంచికి వెనుకనున్న గర్భసంచిలో. ఒకదానిలోంచి మరొకదానిలోకి దారి లేదు.

ఆడవారిలో

గర్భసంచి: తలకిందులుగా పెట్టిన జామకాయలా ఉంటుంది. బిడ్డను మోస్తుంది. నెలనెలా బహిష్టు వచ్చేది దీని నుంచే.

అండాశయాలు: గర్భసంచికి అటొకటి, ఇటొకటి. నెలకొక అండాన్ని విడుదల చేస్తాయి. బహిష్టును నడిపే, ఎముకలను కాపాడే హార్మోన్లు తయారయ్యేది ఇక్కడే.

ట్యూబులు: అండం నడిచే రెండు సన్నని గొట్టాలు.

కు.ని. ఆపరేషనులో మూసేది ఈ ట్యూబులను మాత్రమే. గర్భసంచి, అండాశయాలు ఉన్నచోటే ఉంటాయి. బహిష్టు ఆగదు. విడుదలైన అండం ఒంట్లోనే కరిగిపోతుంది.

గర్భసంచి తీయడం పూర్తిగా వేరే ఆపరేషను. దానితో బహిష్టు ఆగిపోతుంది. అండాశయాలు కూడా తీసేస్తే వయసు రాకముందే ఒంట్లో ఆవిర్లు వస్తాయి, ఎముకలు గుల్లబారతాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసినవారు దేశమంతటా నూటికి 3గురు ఉంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. తెల్లబట్ట, నడుం నొప్పి చాలామందికి మందులతోనే నయమవుతాయి. "పిల్లలు చాలు గదా, ఇంకా సంచి దేనికి?" అనే మాటకు లొంగవద్దు. క్యాన్సర్ వంటి జబ్బు ఉంటే మాత్రం డాక్టరు చెప్పినట్లు చేయించుకోవాలి.

మగవారిలో

"వేసెక్టమీ చేయించుకొంటే ఎద్దులా చల్లబడిపోతాం, పత్తి బోరాలు, మిరప టిక్కీలు మోయలేం" అని కొందరి భయం. కోడెకు విత్తులు నొక్కించినప్పుడు వాటికి పోయే నెత్తురు నాళాలు నలిగి, విత్తులే ఎండిపోతాయి. వేసెక్టమీలో వృషణాలను ముట్టుకోరు. వీర్యకణాలు నడిచే రెండు సన్నని నాళాలను మాత్రం కత్తిరించి కడతారు. మీసం, మగతనం ఇచ్చే హార్మోను ఆ నాళాల గుండా పోదు, నేరుగా నెత్తురులో కలుస్తుంది. బోదెకు మడవ కడితే సాగరు ఎండిపోతుందా?

కొద్దిరోజులు బరువులు మోయకుండా ఉండి, తర్వాత ఎప్పటి పని చేసుకోవచ్చు. మూడు నెలలపాటు నిరోధ్ వాడాలి. ఆపై వీర్య పరీక్షలో కణాలు లేవని తేలేదాకా ఆపకూడదు.

ఇది పొట్ట కోయకుండా నిమిషాల్లో ముగిసే ఆపరేషను. అయినా 2019-21 సర్వేలో మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది తామే ఆపరేషను చేయించుకొన్నారు. భర్త చేయించుకొన్న జంట నూటికి ఒకటి కూడా లేదు. భారమంతా ఇల్లాలిదేనా? ఇద్దరూ కూర్చుని ఆలోచించుకోండి.

ఏ ఆపరేషనుకైనా సంతకం పెట్టేముందు అడగండి

1. ఏ అవయవానికి చేస్తారు?
2. కడతారా, తీస్తారా?
3. మందులతో నయం కాదా?

అడగడానికి సిగ్గుపడవద్దు. మీ ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్త, డాక్టరు చెప్పడానికే ఉన్నారు.

కట్టడం వేరు, తీయడం వేరు. తెలుసుకొని నిర్ణయించుకోండి!