మోటారుసైకిలు – కొసరు దీపములు

వికారాబాదునుండి తాండూరునకు బోవు బాట యనంతగిరి కొండలమీదుగా దిగి, ధారూరు దాటి సాగును. చలికాలమున వేకువజామున నా యడవిలో మంచు దట్టముగా గ్రమ్మి, ముందు బోవు బండి వెనుకదీపము సైతము కానరాదు. తాండూరు సమీపించునప్పటికి మంచు పోయి దుమ్ము వచ్చును. నాపరాతి గనులకును, బండలు కోయు మిషనులకును, సిమెంటునకును బేరుపడిన యూరు గదా! రాళ్ల లారీలు రేయింబవళ్లు తిరుగుచునే యుండును. ఇట్టి బాటను నిత్యము మోటారుసైకిలుపై బోవలసినవారు బండితో వచ్చిన యొంటిదీపము చాలక ఇంకొక రెండు బిగింపించుకొనుటలో వింత యేమియు లేదు. ఆ దీపములు, ఫోను చార్జరు, జోడు హారనులు, దొంగలను బెదరించు అలారము, వీనినన్నిటిని అంగళ్లవారు యాక్సెసరీలందురు. మేము కొసరు సామానులనెదము. కూరగాయల బేరములో కొసరు మేలే చేయును గాని, బండికి వేసిన కొసరు కొన్నియెడల నసలునకే మోసము తెచ్చును.

ఇది మగవారి వ్యవహారము, మనకెందుకని సోదరీమణులు కొందఱు పుట త్రిప్పుదురేమో. ఒక్క క్షణమాగుడు. బండి మరమ్మతునకు బోవు రూపాయి యింటి బియ్యపు డబ్బులోనుండియే పోవును. బిడ్డ నొడిలో బెట్టుకొని వెనుక గూర్చుండువారము మనమే. మన కూతుండ్రు కాలేజీలకు స్కూటర్లు నడుపుకొని పోవుచున్నారు. మఱియు బండి బ్యాటరీ 12 వోల్టులది మాత్రమే. ఇంటిగోడలోని 230 వోల్టులవలె ముట్టినవారిని బట్టి ప్రాణము తీయునది గాదు. దాని ప్రమాదమంతయు వేడిమిలోను నిప్పులోను నున్నది. ఇంజను తిరుగుచుండగా ప్లగ్గు తీగెను మాత్రము తాకరాదు. అందు వేలకొలది వోల్టులుండును.

ముందుగా బండిలో కరెంటు నడక తెలిసికొందము. ఇంజనుతోపాటు మాగ్నెటు తిరిగి కరెంటు పుట్టించును. రెగ్యులేటరు-రెక్టిఫయరను చిన్న పెట్టె యా కరెంటు నొకే దిక్కునకు బాఱునట్లు చేసి, హద్దు మీఱకుండ నాపి, బ్యాటరీకి బంపును. బావియు, మోటారును, మిద్దెపై నీళ్లతొట్టియు నున్న యింటి చందమే యిది. మాగ్నెటు బావిమోటారు, బ్యాటరీ తొట్టి, దీపములును హారనును కొళాయిలు. మోటారు తోడు నీటికంటె కొళాయిలలో బోవునది యెక్కువయైనచో తొట్టి యెండక తప్పదు. 2017 ఏప్రిల్ 1వ తేదీనుండి మన దేశమున క్రొత్త ద్విచక్రవాహనములకు, ఇంజను నడచుచున్నంతసేపును ముందుదీపము వెలుగుచునే యుండవలెనను నియమము వచ్చినది. అనగా నొక కొళాయిని సదా విప్పియుంచినట్లు. దానిపై 20 వాట్ల దీపములు రెండు చేర్చినచో 40 వాట్లు. 12చే భాగింపగా రమారమి 3.3 ఆంపియర్లు. చిన్నబండ్ల బ్యాటరీ సాధారణముగా 4 లేక 5 ఆంపియరు-గంటలది. ఇంజను ఆపి, యా రెండు దీపములను వెలుగనిచ్చినచో గంటన్నరకే తొట్టి యడుగంటును.

ఇక మా యింటి సంగతి. బోయిన యేడు మా బండికి నొక యంగడిలో దీపములును చార్జరును బిగించిరి. పిమ్మట మూడు రోగములు బయలుదేఱినవి. దసరా సెలవులలో బండి పది దినములకు బైగా కదలక యుండి, బడి తెఱచిన నాడు సెల్ఫు నొక్కగా టిక్కుటిక్కుమని యూరకుండెను. బ్యాటరీ చచ్చినదనిరి, క్రొత్తది వేయించితిమి. సంక్రాంతి సెలవులు ముగియునప్పటికి మఱల నదే కథ. రెండవది, ఇండికేటరు వేసినప్పుడెల్ల క్రొత్తదీపములు దానితోపాటు మిణుకుమిణుకుమనుచుండెను. మూడవది కడు చెడ్డది. ఒకనాటి మునిమాపున మావారు తాండూరునుండి వచ్చుచు, ననంతగిరి మలుపులో హ్యాండిలు త్రిప్పినంతనే ముందుదీపము, క్రొత్తదీపములు, ఇంజను, అన్నియు నొక్కమాఱే యాఱిపోయినవి. వెనుక బండల లారీ వచ్చుచుండెను. ఆ డ్రైవరు చూచి యాపబట్టి సరిపోయినది గాని, లేనిచో నేమగునో తలచుకొనుటకే భయము.

వైరింగు కిట్టంతయు మార్చవలెననిరి యొకరు. మాగ్నెటు కాయిలు పోయినదనిరి మఱియొకరు. రెండును వేలతో బని. మేము చిన్ననాడు తండ్రిగారియొద్ద గొంత తర్కము చదువుకొంటిమి. కారణమును నిశ్చయించుటకు తార్కికులు చెప్పునవి అన్వయ వ్యతిరేకములు. ఇది యున్నయెడల నది యుండుట యన్వయము. ఇది లేనియెడల నది లేకుండుట వ్యతిరేకము. బండి రోగమునకు నింతకంటె మంచి మందు లేదు. సామాను బిగించుటకు ముందు లేని చెడుగు బిగించిన పిదప వచ్చినది గావున, మొట్టమొదట నా సామానును విప్పి చూడవలెను. అంతయు నొక్కసారి విప్పరాదు. ముందు దీపముల కప్లరు, తరువాత చార్జరు తీగె, ఇట్లొక్కొక్కటి వేఱుచేసి, రోగము నిలిచినదా పోయినదా యని చూడవలెను. ఒకేసారి బ్యాటరీయు కాయిలును గిట్టును మార్చినవారికి బండి బాగుపడినను దోషమెక్కడనో తెలియదు, మఱల వచ్చును.

ఇందులకు గావలసిన పనిముట్టు మల్టీమీటరొకటే. కొన్ని వందల రూపాయలకు దొరకును. దానిని వోల్టుల గుఱుతువద్ద నుంచి, యెఱ్ఱని సూదిని బ్యాటరీ ప్లస్సునకును నల్లనిదానిని మైనసునకును దాకించవలెను. రాత్రియంతయు నాగియున్న బండిలో 12.6 వోల్టులు, లేక యంతకు మించి కనబడినచో బ్యాటరీ నిండియున్నది. 12కు లోపలనైనచో నెండినది. ఇంజను నడిపించి కొంచెము రేజు చేసినపుడు 13.5 మొదలు 14.5 వఱకు నుండవలెను. ఏమియు బెరుగనిచో చార్జింగు వచ్చుట లేదు. 15 దాటినచో రెగ్యులేటరు హద్దు తప్పినది. మా బండి 14.1 చూపెను. కావున మాగ్నెటునకు, రెగ్యులేటరునకు రోగము లేదు. వేలరూపాయలు మిగిలినవి.

అటుపిమ్మట సెలవులలో బ్యాటరీని దాగునదెవ్వరో కనుగొంటిమి. తాళము తీసివేసి, బ్యాటరీ మైనసు తీగెను విప్పి, యా తీగెకును బ్యాటరీ మైనసునకును నడుమ మీటరును ఆంపియర్ల గుఱుతున బెట్టి చూడవలెను. (ఈ యమరికలో తాళము వేసి సెల్ఫు నొక్కరాదు, మీటరులోని ఫ్యూజు తక్షణమే కాలును.) ఏమియు వెలుగనపుడు కొద్ది మిల్లీ ఆంపియర్లకు మించి పోరాదు. మాకు 20 మిల్లీ ఆంపియర్లకు బైగా వచ్చెను. చార్జరు తీగె నూడదీయగానే యది తగ్గెను. అంగడివారు చార్జరును దాళముతో నిమిత్తము లేకుండ నేరుగా బ్యాటరీకే కట్టిరి. అందలి చిన్న నీలిదీపమును లోపలి యంత్రమును రేయింబవళ్లు నూరక త్రాగుచునే యుండెను. 20 మిల్లీ ఆంపియర్లనగా దినమునకు 0.48 ఆంపియరు-గంట. 5 గంటల బ్యాటరీ పది దినములకు నిండు సున్న. ప్రతిదినము తిరుగు బండికి నీ దొంగ తెలియడు, సెలవులలోనే పట్టువడును. పాపము, పాత బ్యాటరీ నిర్దోషి.

మిణుకునకు గారణము ఎర్తు. కరెంటు ప్లస్సునుండి పోయి పని చేసి, మైనసునకు దిరిగి రావలెను. బండ్లలో నా రాకడ బాట తఱచుగా ఇనుపచట్రమే. మా దీపముల ఎర్తు తీగెను ఇండికేటరు ఎర్తుతో గలిపి, రంగు వేసిన బోల్టు క్రింద బిగించిరి. రంగు కరెంటును బోనీయదు. దీపములు వెలుగుచుండగా మీటరు సూదులను బ్యాటరీ మైనసునకొకటియు, దీపపు ఎర్తు తీగెకొకటియు బెట్టినచో సున్నకు దగ్గఱగా, మహాయైన 0.2 వోల్టు చూపవలెను. మాకు రెండు వోల్టులకు బైగా జూపెను. ఇండికేటరు వెలిగినప్పుడెల్ల నింకను బెరుగుచుండెను. రంగు గీకి యినుము తేలజేయవచ్చును. మేము ప్రత్యేకముగా నొక తీగెను దీపములనుండి బ్యాటరీ మైనసువఱకు దెప్పించితిమి. అదియే మేలు.

మూడవ రోగమును గనుగొనుటకు మీటరే యక్కఱలేకపోయెను. దీపముల తీగెను హ్యాండిలు మెడవద్ద జట్రమునకు నంటి పోనిచ్చిరి. హ్యాండిలు త్రిప్పిన ప్రతిసారియు నది రాచుకొని, తొడుగు తెగి, రాగి బయటపడి, చట్రమును దాకి షార్టయినది. అంతమాత్రమున దీపములు మాత్రమే యాఱవలెను గదా, ఇంజను ఏల యాగెను? ఆ తీగెను తాళమునుండి యింజనునకు బోవు తీగెకే మెలిపెట్టి, టేపు చుట్టి కలిపిరి. వేఱు ఫ్యూజు లేదు. కొసరు దీపమునకు వచ్చిన షార్టు బండి ఫ్యూజునే కాల్చివేసినది. మూడు తప్పులలోను మేము క్షమింపజాలనిది యిదియే. కొసరు సామాను చెడినచో తానొక్కటే చెడవలెను. బండి నడచి యిల్లు చేరవలెను.

ఫ్యూజు కాలినపుడు దాని స్థానమున రాగితీగె ముక్కయో, సిగరెట్టు పెట్టెలోని వెండికాగితమో చుట్టి పంపు మహానుభావులు బాటప్రక్కల నున్నారు. ఫ్యూజు కాలినదనగా నది తన ప్రాణమిచ్చి బండిని గాపాడినదని యర్థము. రాగి పెట్టినచో తరువాత కాలునది వైరింగు కిట్టు, దానిపైన పెట్రోలు ట్యాంకు. ఎఱ్ఱఫ్యూజు 10 ఆంపియర్లది, నీలిది 15, పసుపుపచ్చది 20. ఏ రంగు తీసిన నా రంగునే పెట్టవలెను. చాలుట లేదని పెద్దది పెట్టరాదు.

సరియైన పద్ధతి యిది. బ్యాటరీ ప్లస్సునుండి వేఱుగా నొక తీగె తీసి, బ్యాటరీకి జానెడు దూరములోపలనే యొక ఫ్యూజు పెట్టవలెను. మా దీపములవంటివానికి 5 ఆంపియర్లది చాలును. అక్కడనుండి రిలేకు. రిలే యనునది స్వల్పమైన కరెంటుచే బెద్ద కరెంటును నడపునది. దాని కాళ్లపై అంకెలుండును. బ్యాటరీ తీగె 30కి, దీపముల తీగె 87కు, ఎర్తు 85కు, తాళముతో వచ్చు చిన్న తీగె స్విచ్చిమీదుగా 86కు. అప్పుడు తాళము తీసినంతనే దీపములునాఱును. హ్యాండిలు స్విచ్చిపైన భారము పడదు. జోడు హారనులకు నిది మఱియు ముఖ్యము. రిలే లేకుండ వేసినచో కొన్ని నెలలకే హారను స్విచ్చి లోపల కాలి నల్లబడును. ఇండికేటరు బల్బులు తీసి ఎల్.ఈ.డి.లు వేసినవారికి నది గబగబ కొట్టుకొనుట రోగము గాదు. తక్కువ కరెంటును జూచి ఫ్లాషరు బల్బు పోయినదని భ్రమించుట. ఎల్.ఈ.డి.కి దగిన ఫ్లాషరు వేసిన సరిపోవును.

2020 ఏప్రిల్ 1వ తేదీనుండి బి.ఎస్.-6 నియమములతో వచ్చిన బండ్లలో బెక్కింటికి ఇంధనమును జిన్న కంప్యూటరే యందించుచున్నది. దాని తీగెలను గోసి కలుపుట కూడదు. ఇంజను నడచుచుండగా బ్యాటరీ తీగె నూడదీసి చూచు పాతకాలపు పరీక్షయు వీనికి బనికిరాదు. వోల్టు లొక్కసారి యెగసి కంప్యూటరు చెడవచ్చును. పని చేయునప్పుడు మైనసు తీగెను ముందుగా విప్పి, కడపట బిగించవలెను. ప్లస్సు విప్పుచున్న స్పానరు చట్రమునకు దగిలినను నప్పుడు నిప్పు రాలదు.

అంగడికి బోవునపుడు మేమిప్పుడు నాలుగు మాటలు కాగితముపై వ్రాసి మావారి జేబులో బెట్టి పంపుదుము: వేఱు ఫ్యూజు, రిలే, బ్యాటరీకే ఎర్తు, హ్యాండిలును ఇరుప్రక్కల పూర్తిగా త్రిప్పినను లాగుకొనని తీగె. మొదటిసారి చూచి యంగడి పిల్లవాడు నవ్వెనట. తరువాత చక్కగానే బిగించెను. దీపములను నేలవైపు వంచి బిగింపుమని యైదవమాట చేర్చితిమి, ఎదుట వచ్చువాని కన్నులు చెదరరాదు గనుక. తాండూరు రాతిదుమ్ము కప్లరులలో జేరి వానకు దడిసి బురదయగును. పిమ్మట రాగిపై బచ్చని చిలుము పట్టును. అందుచే జ్యేష్ఠమాసమున, వానలు రాకముందే, యొకసారి కప్లరులు విప్పి, మెత్తని బ్రష్షుతో దులిపి, పొడిగుడ్డతో దుడిచి మఱల గట్టిగా నొక్కించుచున్నాము. అరగంట పని.