చెలకల్లో చడీచప్పుడు లేని సేద్యగాడు

తొలకరి పడింది. వికారాబాద్ నుంచి సదాశివపేట వెళ్లే దారిలో ఉన్న మోమిన్‌పేట్ చుట్టుపక్కల దుక్కులు మొదలయ్యాయంటే నాగలి వెనకాలో, ట్రాక్టర్ వెనకాలో తెల్లకొంగలు బారులు తీరతాయి. ఎందుకంటారా? తిరగబడిన మట్టిలోంచి బయటపడే ఎర్రల కోసం! అదేనండీ, వానపాముల కోసం. కొంగలు రాని చేను ఏదైనా ఉందంటే రైతు ఒకసారి వంగి మట్టి చూసుకోవాల్సిందే.

పేరులో పామున్నా దీనికి కోరల్లేవు, విషం లేదు. అసలు కళ్లు, చెవులు, పళ్లు, ఊపిరితిత్తులు... ఏవీ లేవు. గాలి పీల్చేది తడి చర్మంతోనే. అందుకే ఎండ తగిలితే ప్రాణం మీదికొస్తుంది. తిన్నదాన్ని నూరడానికి మాత్రం కోడికి ఉన్నట్టే కందనకాయ ఉంది. మట్టి, రాలిన ఆకు, కుళ్లిన వేరు అందులో నలిగి చిన్న చిన్న ఉండలుగా బయటికొస్తాయి. చుట్టూ ఉన్న మట్టికంటే ఆ ఉండల్లో మొక్కకు అందే నత్రజని, భాస్వరం, పొటాష్ ఎక్కువ. అది చేసిన బొరియల్లోంచి వాననీరు లోపలికి ఇంకుతుంది, వేరుకి గాలి ఆడుతుంది.

ఈ సంగతిని పట్టుదలగా లెక్కగట్టినవాడు చార్లెస్ డార్విన్. కుండీల్లో వానపాముల్ని పెంచి వాటి ముందు పియానో వాయించి చూశాడు. ఉలుకూ పలుకూ లేదు. కుండీని పియానో మీదే పెట్టి మీట నొక్కితే మాత్రం అదురుకి బొరియలోకి దూరిపోయాయి! ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ఎకరాకి ఏటా పది టన్నులకు పైగా మట్టి వీటి పొట్టలోంచి వెళుతుందని 1881లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. మరుసటి ఏడే కన్నుమూశాడు. ప్రపంచంలో పండే ధాన్యంలో సుమారు ఆరున్నర శాతం వానపాముల చలవేనని 2023లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు.

మన ఎర్ర చెలకల్లో, నల్లరేగళ్లలో వేసవి గడవడం వీటికి పెద్ద పరీక్ష. చాలా రకాలు లోతుకి దిగి, ఉండలా చుట్టుకుని, వానలదాకా నిద్రపోతాయి. ఆ నిద్రలో ఉన్నవాటిని రోటవేటర్ ఏమీ చేయలేకపోవచ్చు. అసలు దెబ్బ తిండి కరువుతోనే. పత్తికట్టె, మొక్కజొన్న చొప్ప కాల్చేస్తే అవి తినేదేమిటి? కార్బోఫ్యూరాన్ గుళికలైతే వాటికి నేరుగా విషమే. ఆ లెక్కన కంది నయం. కోతకొచ్చేలోపు బోలెడంత ఆకు రాల్చి, నేలకి తిండి పెట్టి మరీ పోతుంది. 2022లో భౌగోళిక గుర్తింపు దక్కిన తాండూరు కందిపప్పుకి ఉన్న పేరు రుచి వల్లే కావచ్చుగానీ, ఆ పైరు చేసే ఈ మేలూ తక్కువేం కాదు.

'అయితే వానపాముల్ని కొనుక్కొచ్చి చేలో వదిలితే సరి' అనుకుంటే పొరపాటే. వర్మీ కంపోస్టు తొట్టెల్లో పెంచే ఐసీనియా, యూడ్రిలస్ రకాలు చెత్తలో, పేడలో పైపైన బతికేవి. ఎండిన చెలకలో నిలవవు. వాటి చోటు నీడపట్టున ఉన్న తొట్టే. అందులోనూ పచ్చిపేడ వేస్తే ఆ వేడికే చచ్చిపోతాయి. రెండు మూడు వారాలు మాగిన పేడ వేసి, పైన తడిగోనె కప్పి, చీమలు చేరకుండా చూసుకోవాలి. చేలోకి వెళ్లాల్సింది తయారైన ఎరువు. చేలోని ఎర్రలంటారా... పెంట, ఆకు, అలం అందితే వాటంతటవే పెరుగుతాయి.

అన్నట్టు, వానపామును రెండు ముక్కలు చేస్తే రెండవుతాయన్నది వట్టిమాట. తల వైపు ముక్క కొన్నిసార్లు బతకొచ్చు, తోక ముక్క మాత్రం సాధారణంగా చచ్చిపోతుంది.

మీ చేను సంగతి తెలుసుకోవాలంటే మంచి వాన పడిన నాలుగైదు రోజులకి పొద్దున్నే పార పట్టుకెళ్లండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు మట్టిని గోనె మీదికి తీసి చేత్తో చిదిమి చూడండి. పది దాకా కనిపిస్తే మేలైన నేలే. ఒకటో రెండో ఉంటే ఈసారి చొప్పకి నిప్పు పెట్టకుండా దున్నేయండి. లెక్క అయిపోగానే వాటిని ఎండకి వదలకుండా అదే గుంతలో వేసి మట్టి కప్పేయండి. పైన కొంగలు కాచుక్కూర్చుని ఉంటాయి మరి!