పాత పికప్ పంపుకు కొత్త డీజిల్ పడదా?

గోవాడ చెరకు పొలాల చుట్టూ, చోడవరం రోడ్డు మీద, అనకాపల్లి బెల్లం మార్కెట్టు దారిలో పాత పికప్ బళ్లు ఇంకా బరువు లాగుతూనే ఉన్నాయి. 1988లో టాటామొబైల్‌తో మొదలైన వరుసలోని టాటా 207లు, మహీంద్రా పికప్‌లు బెల్లం దిమ్మలు, ఎరువు బస్తాలు, గడ్డి మోపులు మోస్తాయి. అలాంటి బండి ఒకటి కొని బాగు చేయించుకుందామనుకున్నవాడికి షెడ్డులో మొదట వినిపించే హెచ్చరిక ఇది: "ఇప్పటి డీజిల్లో సల్ఫర్ తీసేశారు బాబూ. పంపుకి నూనె ఆ సల్ఫరే. పాత పంపు నిలవదు, ట్యాంకులో కాస్త టూ-టీ ఆయిల్ కలుపుకోండి."

ఇందులో మొదటి మాట నిజం. రెండోది తప్పు. పంపు నిలవదన్న మూడో మాటలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని పట్టుకోవాలంటే పంపు లోపలికి వెళ్లక తప్పదు.

ముందు మిగతా పనుల సంగతి. డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని పదహారు నుంచి ఇరవైమూడు రెట్లు కుదిస్తుంది, ఆ వేడికి లోపల చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. అందుకని పాత బండికి మొదట కంప్రెషన్ చూస్తారు. తగ్గితే రింగులు మార్చాలి, లేదా బోరు చేయించాలి. రేడియేటరు కడగాలి, గొట్టాలు మార్చాలి, బ్రేకులు, బుష్‌లు, చాసిస్ తుప్పు చూసుకోవాలి. ఇవన్నీ చెయ్యి తిరిగిన ఏ మెకానిక్‌కైనా తెలిసిన పనులే.

పంపు సంగతి వేరు. ఒక లెక్క వేస్తే అది ఎంత సున్నితమైన పని చేస్తోందో తెలుస్తుంది. లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే నాలుగు సిలిండర్ల పికప్ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో, నిమిషానికి 2,000 చుట్ల మీద పోతోందనుకుందాం. గంటకు దాదాపు 4.2 లీటర్లు తాగుతుంది. ఆ గంటలో నాజిళ్లు మొత్తం 2,40,000 సార్లు చిమ్ముతాయి. భాగించి చూస్తే ఒక్కో చిమ్ముకు వచ్చేది 17 ఘన మిల్లీమీటర్ల చిల్లర, అంటే నీటిబొట్టులో మూడో వంతు! ఆ మూడో వంతు బొట్టును సెకనులో ఆరు వందలో వంతు వ్యవధిలో, వంద వాతావరణ పీడనాలను మించిన ఒత్తిడితో, నాలుగు సిలిండర్లకూ సమానంగా పంచాలి. కంప్యూటరు లేదు, సెన్సారు లేదు. అంతా ఉక్కుతోనే జరగాలి.

పాత బళ్లలో పంపు ఇన్‌లైన్ రకమో, రోటరీ రకమో అయి ఉంటుంది. ఇన్‌లైన్ పంపులో ఈ పని చేసేది ప్లంజరు. షెడ్డు భాషలో ఎలిమెంట్. క్యామ్ దాన్ని పైకి నెడుతుంది. ఆ దూరం ఎప్పుడూ ఒకటే, తగ్గదు, పెరగదు. మరి యాక్సిలరేటర్ తొక్కితే డీజిల్ ఎలా పెరుగుతుంది? చమత్కారమంతా ఇక్కడే ఉంది. ఏటవాలుగా నరికిన చెరకు గడ అంచులా, ప్లంజరు ఒంటి మీద వాలుగా చెక్కిన గాడి ఒకటి ఉంటుంది. ప్లంజరు పైకి లేచి బ్యారెల్ గోడలోని రంధ్రాన్ని మూయగానే ఒత్తిడి మొదలవుతుంది. వాలు అంచు ఆ రంధ్రం దగ్గరికి చేరగానే దారి తెరుచుకుని ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, చిమ్మడం ఆగిపోతుంది. యాక్సిలరేటర్ చేసేదల్లా ర్యాకును జరిపి ప్లంజరును కొద్దిగా తిప్పడమే. తిప్పితే రంధ్రానికి ఎదురుగా అంచులోని వేరే చోటు వస్తుంది, మూత కాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది, డీజిల్ ఎక్కువ పోతుంది. రోటరీ పంపులో ఇదే పనిని ప్లంజరు మీద జారే రింగు చేస్తుంది.

ఈ ఆలోచన రుడాల్ఫ్ డీజిల్‌ది కాదు. 1893లో ఆయన ఇంధనాన్ని నేరుగా నెట్టి చూశాడు, కుదరలేదు. దాంతో గాలితోనే ఊదాలని నిర్ణయించుకున్నాడు. 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ ష్రోటర్ పరీక్షించిన ఇంజను 26.2 శాతం సామర్థ్యం చూపి చరిత్రకెక్కింది. కానీ దానికి గాలి ఊదే కంప్రెసర్ కావాలి, ఆ బరువు మోసుకుని లారీ నడవలేదు. డీజిల్ ఇంజను ఫ్యాక్టరీలకు, ఓడలకు పరిమితమై ఉండిపోయింది. రాబర్ట్ బాష్ కంపెనీ 1922లో పంపు మీద పని మొదలుపెట్టి 1927లో పెద్ద ఎత్తున తయారీకి దిగాకే లారీలకు డీజిల్ ఇంజను విరివిగా అందివచ్చింది. మన దేశంలో ఆ పంపులకు ఇంటిపేరు మైకో. 1951లో బెంగళూరులో పుట్టిన ఆ కంపెనీ 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకున్నా, షెడ్డులో అది ఇప్పటికీ మైకో పంపే.

ప్లంజరుకూ బ్యారెల్‌కూ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. తల వెంట్రుక మందం దాదాపు డెబ్భై మైక్రాన్లు. ఆ సందులో రబ్బరు రింగు పట్టదు, గ్రీజు పట్టదు, డీజిల్ పొర ఒక్కటే పడుతుంది. ప్లంజరుకు అదే నూనె. ఇన్‌లైన్ పంపులో కిందనున్న క్యామ్‌కు ఇంజను ఆయిల్ అందుతుంది కనుక కొంత నయం. రోటరీ పంపులో మాత్రం క్యామ్ ప్లేటు, రోలర్లు సహా ప్రతి భాగమూ డీజిల్‌లోనే మునిగి తిరుగుతుంది.

ఇప్పుడు సల్ఫర్ సంగతి. టాటామొబైల్ పుట్టిన రోజుల్లో మన ప్రమాణాలు డీజిల్లో ఒక శాతం సల్ఫర్‌ను అనుమతించేవి, అంటే పది లక్షల పాళ్లలో 10,000. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమల్లోకి వచ్చిన బీఎస్-6 (భారత్ స్టేజ్-6) ప్రమాణాల్లో ఆ పరిమితి 10. వెయ్యో వంతుకు దిగింది! 1957లో కాల్టెక్స్ మొదలుపెట్టి నేడు హెచ్‌పీసీఎల్ నడుపుతున్న విశాఖ రిఫైనరీలోనూ ఈ సల్ఫర్‌ను తీసేది హైడ్రోజన్‌తోనే. అధిక వేడి, ఒత్తిడిలో, ఉత్ప్రేరకం సమక్షంలో హైడ్రోజన్ సల్ఫర్‌ను పట్టుకుని వాయువుగా బయటికి తీసుకుపోతుంది.

ఆ హైడ్రోజన్ సల్ఫర్‌తో ఆగదు. ఆక్సిజన్, నైట్రోజన్ ఉన్న అణువులను కూడా తుడిచేస్తుంది. ఇవి లేశమాత్రంగానే ఉంటాయి, కానీ ఉక్కు ఉపరితలానికి అతుక్కుని సన్నని రక్షణ పొర కట్టేవి ఇవే. సల్ఫర్ పోయిన రోజే ఇవీ పోయాయి కనుక నింద సల్ఫర్ మీద పడింది.

ఆ నష్టం ఎంతటిదో 1990ల మొదట్లో స్వీడన్ చూసింది. పది లక్షల్లో 10 పాళ్ల సల్ఫర్ ఉన్న డీజిల్‌ను అందరికన్నా ముందు ఆ దేశం బంకుల్లోకి తెచ్చింది. కొన్ని వేల కిలోమీటర్లకే పంపులు అరిగిపోయాయి, అవీ ముఖ్యంగా రోటరీ పంపులు. కారణం తెలిశాక సల్ఫర్‌ను వెనక్కి తేలేదు. ఉక్కుకు అతుక్కునే గుణమున్న పదార్థాన్ని కొద్దిగా కలిపారు, అరుగుదల ఆగింది.

అప్పటి నుంచి డీజిల్ జారుడుతనానికీ పరీక్ష వచ్చింది. 60 డిగ్రీల వేడి డీజిల్లో 6 మిల్లీమీటర్ల ఉక్కు గోళీని ఉక్కు బిళ్ల మీద సెకనుకు 50 సార్ల చొప్పున 75 నిమిషాలు రుద్దుతారు. తర్వాత మైక్రోస్కోపు కింద గోళీ మీది మచ్చను కొలుస్తారు. అది 460 మైక్రాన్లు దాటకూడదు. బీఎస్-6 డీజిల్‌కు ఈ హద్దు ఉంది. కనుక నిబంధన ప్రకారం వచ్చిన డీజిల్ పాత పంపును అరగదియ్యదు.

మరి కొత్త డీజిల్ వచ్చాక పంపులు కారడం కళ్లారా చూశామనే మెకానిక్‌లు అబద్ధం చెబుతున్నారా? లేదు. వాళ్లు చూసింది అరుగుదల కాదు, సీళ్లు. పాత డీజిల్లోని అరోమాటిక్ హైడ్రోకార్బన్లు నైట్రైల్ రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బించి ఉంచేవి. అవి తగ్గితే రబ్బరు కుంచించుకుపోతుంది. కొత్త సీలు సర్దుకుంటుంది, ఏళ్లు గడిచి బిగుసుకుపోయినది సర్దుకోలేదు. 1993 అక్టోబరులో అమెరికా డీజిల్ మారినప్పుడు, ముఖ్యంగా అరోమాటిక్‌లనూ తగ్గించిన కాలిఫోర్నియాలో, పాత పంపులు ఇలాగే కారాయి. దీనికి మందు ట్యాంకులో నూనె కలపడం కాదు, సీల్ కిట్ మార్చడం. వైటాన్ రబ్బరు సీళ్లు దొరికితే మరీ మంచిది.

టూ-టీ ఆయిల్ టూ-స్ట్రోక్ పెట్రోలు ఇంజన్ల కోసం చేసింది. ఆ డబ్బు ఫిల్టర్ల మీద పెడితే పంపు నిజంగా బతుకుతుంది, ఎందుకంటే మూడు మైక్రాన్ల సందుకు అసలు శత్రువులు నీళ్లు, దుమ్ము. వాటర్ సెపరేటర్ లేని బండికి అది పెట్టించడమే మొదటి అప్‌గ్రేడ్. బండికి పికప్ రావాలని పంపు స్క్రూ తిప్పించేవాళ్లను చూస్తే మాత్రం బాధేస్తుంది. గాలి పెంచకుండా డీజిల్ పెంచితే వచ్చేది బలం కాదు, నల్లపొగ, కరిగే పిస్టన్లు. బలమే కావాలంటే టర్బో, దానికి తగిన పిస్టన్లు, కూలింగ్ అన్నీ కలిపి చేయించాలి.

పంపు సర్వీసుకు ఇచ్చేటప్పుడు క్యాలిబ్రేషన్ బెంచీ ఉన్న చోటికే ఇవ్వాలి. నాలుగు లైన్లలో ఒక్కోటి ఎంత డీజిల్ ఇచ్చిందో, ఏ నాజిల్ ఎంత ఒత్తిడి దగ్గర తెరుచుకుందో కాగితం మీద రాయించుకోవాలి. నాలుగు అంకెలూ ఒకదానికొకటి దగ్గరగా లేకపోతే పంపును బండికి ఎక్కించనివ్వకండి.